అమ్మ యంత్రానికి జత

ఆ శనివారం ఒస్మరీనో చేసిన ఆఖరి పని ఒక మెమరీ ముక్క పళ్ళు తోమడం.

బడిపిల్లలు వాడే తెల్ల రబ్బరుతో తోమాడు. చెల్లెలు ఎజిలేనా తకకా చారు అమ్మే బండి పక్కన, ఎప్పుడూ కూర్చునే పొట్టి స్టూలు మీద కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కను కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని తోమాడు. పాత కంప్యూటరు కడుపులోంచి తీసిన ఆకుపచ్చ పలక అది. జానెడులో సగం ఉంటుంది. దాని మీద నల్లటి చిప్పులు. ఇలాంటి ముక్కలకి ఒక అంచున వరసగా బంగారు పూత పూసిన సన్నటి పళ్ళుంటాయి. ఆ పళ్ళ మీద మురికి చేరితే యంత్రం ముక్కను గుర్తుపట్టదు. అందుకని శనివారం వేరుపేజు సంతలో పాత సామాన్ల వరస తిరిగి రాగానే అతను మొదట చేసే పని అదే. తోమడం, ఉఫ్‌మని ఊదడం, మళ్ళీ తోమడం.

"అన్నయ్యా, ఆ రబ్బరు పొడి నా కుండలో పడిందంటే నిన్నూ అందులోనే వేసి ఉడికిస్తాను."

"వెయ్యి. కాస్త రుచైనా వస్తుంది."

"రుచి లేకపోతే రెండో సొరబుర్ర ఎందుకు తాగినట్టో?"

"మొదటిదాంట్లో నిజంగానే ఏమీ లేదా అని తేల్చుకుందామని."

బండి చుట్టూ నిలబడి తాగుతున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఎజిలేనా గరిటె ఝళిపించింది. ఆ గరిటెతోనే అన్న చేతిలోని సొరబుర్ర గిన్నెలో ఇంకొంచెం పుల్లటి పసుపు చారు పోసి, పైన ఇంత జంబు ఆకు వేసింది. ఆ ఆకు నమిలితే నాలుక తిమ్మిరెక్కుతుంది. ఒస్మరీనోకి ఆ తిమ్మిరి అంటే ప్రాణం.

"ఇదైనా కుదురుతుందంటావా?" అని అడిగింది, ముక్క వైపు గడ్డం ఆడించి.

"చూద్దాం. చిప్పులు ఎనిమిదే ఉన్నాయి. వేగం కూడా సరిపోయేలాగే ఉంది."

"పోయిన వారమూ ఇదే అన్నావు."

"పోయిన వారంది తిక్కముక్క. ఇది నెమ్మదైన పిల్ల. మొహం చూడు, ఎంత సౌమ్యంగా ఉందో."

"నువ్వు సౌమ్యం అన్న పిల్లలందరూ అమ్మ యంత్రం గడప తొక్కి వెనక్కొచ్చినవాళ్ళే."

అతను నవ్వి ముక్కను చొక్కా జేబులో వేసుకున్నాడు. నది వైపు మబ్బు దిగుతోంది. బెలేంలో ఏ పనికైనా వాన ముందా, వాన తర్వాతా అనే మాట్లాడుకుంటారు. గడియారం ఎవరూ చూడరు. "వాన వెలిశాక వస్తా. నాకో బుర్ర ఉంచు" అని రోడ్డు దాటి తన కొట్లోకి వెళ్ళాడు.

వాన వచ్చింది. బండి మీది ప్లాస్టిక్ గుడ్డ కింద ఎజిలేనా, కుండా, ఒక కుక్కా నిలబడ్డారు. వాన వెలిసింది. ఆమె ఒక బుర్ర నింపి, రొయ్యలు నాలుగు ఎక్కువే వేసి, పక్కన పెట్టింది. చారు మీద పొగ తగ్గింది. ఆకు నల్లబడింది. "ఈయనకి టైము ఎప్పుడు తెలిసింది గనక" అని సణుక్కుంటూ బుర్ర పట్టుకుని రోడ్డు దాటింది.

ఒస్మరీనో పని బల్ల మీద చేతులు మడిచి, వాటి మీద తల పెట్టుకుని ఉన్నాడు. వాన చప్పుడుకి నిద్రపోయాడనుకుంది. బుర్ర బల్ల మీద పెట్టింది. "చల్లారిపోయింది, ఇంక తిట్టకు" అంది. ఆ తర్వాత భుజం మీద చెయ్యి వేసింది.

గుండె అని చెప్పారు ఆస్పత్రిలో. వాన మొదలైన కాసేపటికే అయి ఉంటుందన్నారు. అతనికి యాభై ఎనిమిదేళ్ళు.

*

ఒస్మరీనో చేసే పనికి జురూనస్ పేటలో పేరు లేదు. రేడియో బాగుచేసేవాణ్ణి రేడియో మెకానిక్ అంటారు, ఫ్రిజ్ బాగుచేసేవాణ్ణి ఇంకోటి అంటారు. ఇతన్ని "ముక్కల మరీనో" అనేవాళ్ళు. ఆదివారం మధ్యాహ్నాలు నదీతీరపు స్నానఘట్టాల దగ్గర గోడల్లాంటి స్పీకర్లు పేర్చి ఆటపాటలు నడిపే సౌండు సెట్లవాళ్ళు బెలేం నిండా ఉన్నారు. వాళ్ళందరి దగ్గరా శాంప్లర్లు ఉండేవి. డోలు దెబ్బ, ఈల, ఎవరిదో కేక, ఏ చప్పుడైనా అందులోకి ఎక్కించుకుని, మీట నొక్కితే మళ్ళీ పలికించే యంత్రాలు. అవి వచ్చినప్పుడు వాటిలో మెమరీ పిసరంత. నాలుగు డోళ్ళు ఎక్కిస్తే అయిదోదానికి చోటుండదు. తయారుచేసిన కంపెనీలు తమ పేరు ముద్రేసిన ముక్కలు బంగారం ధరకి అమ్మేవి. కొన్నాళ్ళకి అవీ మానేశాయి.

ఒస్మరీనో కనిపెట్టింది ఏమిటంటే, ఆ ముక్కలకీ మామూలు ఆఫీసు కంప్యూటర్లలో ఉండే ముక్కలకీ తేడా లేదని. అంటే, చాలా వరకు లేదని. ఆ "చాలా వరకు" దగ్గరే అతని జీవితమంతా గడిచింది. ముక్కలు జతగా ఉండాలి, కవలల్లాగా. ఇద్దరిదీ ఒకే వేగం కావాలి. మరీ కొత్తరకం అయితే ముసలి యంత్రం తడబడుతుంది. పొడుగైతే మూత పడదు. చిప్పులు పదహారుంటే ఒక యంత్రం ఒప్పుకుంటుంది, ఇంకోటి అసలు లేవదు. ఇదంతా ఏ పుస్తకంలోనూ లేదు. ఒక్కొక్క ముక్కనీ ఒక్కొక్క యంత్రంలో పెట్టి చూసి, ఆ సంగతి చిన్న కాగితం టేపు మీద రాసి ముక్కకే అంటించేవాడు. "ఎర్ర యంత్రానికి పడదు." "జిల్వాంద్రో దానికి భేష్." "ఎవరికీ పనికిరాదు, అయినా మంచిది."

జిల్వాంద్రో అంటే గ్వామా పేటలో ఒక సౌండు సెట్టు నడిపే మనిషి. ఒకసారి ఏదో రిజిస్ట్రారు ఆఫీసువాళ్ళు పారేసిన కంప్యూటర్లలోంచి ఒస్మరీనో అతనికి నాలుగు ముక్కలు ఏరి పెట్టాడు.

"పదేళ్ళపాటు ఊరి పుట్టుకలూ చావులూ మోసిన ముక్కలివి. ఇక మీదట నీ డోళ్ళు మోస్తాయి, జాగ్రత్తగా చూసుకో" అన్నాడు.

జిల్వాంద్రో శిలువ గుర్తు వేసుకున్నాడు. "చచ్చినవాళ్ళ పేర్లు ఇంకా అందులో ఉంటాయా, మరీనో? ఆదివారం పూట ఎవరైనా లేచి వస్తే?"

"కరెంటు తియ్యగానే అన్నీ మర్చిపోతుంది. చాలా మంచి మనసు దీనిది."

అందుకే అతను ఏ యంత్రాన్ని ఆపబోయినా ముందు మూడుసార్లు అడిగేవాడు: "ఫ్లాపీ మీదికి దింపుకున్నావా? దింపుకున్నావా? నిజంగా దింపుకున్నావా?" మూడోసారికి ఎవరో ఒకరు నాలుక కరుచుకునేవాళ్ళు.

పెళ్ళి చేసుకోలేదు. ఊరందరి యంత్రాలకీ జత కుదిర్చే పెళ్ళిళ్ళ పేరయ్య తను మాత్రం బ్రహ్మచారిగా మిగిలాడని ఎజిలేనా బండి దగ్గర అందరికీ వినపడేలా అనేది. "నా వేగానికి సరిపోయేది దొరకలేదు" అనేవాడు అతను.

*

వాళ్ళ నాన్నకీ ఒక సౌండు సెట్టు ఉండేది. దాని పేరు ఉయిరాపురు. అది అడవిలో ఉండే చిన్న పిట్ట. అది పాడితే మిగతా పిట్టలన్నీ నోరు మూసుకుంటాయని చెబుతారు. నాన్న పోయాక ఆ సెట్టును ఒస్మరీనో కొన్నేళ్ళు నడిపాడు. అమ్మ పెర్పేతువా ఆదివారాలు స్పీకర్ల వెనక కుర్చీ వేసుకుని, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునేది. వద్దంటే వినేది కాదు.

ఒకరోజు ఒస్మరీనో ఆవిడకి తెలియకుండా వంటింటి కిటికీలో మైకు పెట్టాడు. అసాయి పండ్ల గుజ్జు తీసిపెట్టి భోజనానికి ఆవిడ ఎప్పుడూ పిలిచే పిలుపును యంత్రంలోకి ఎక్కించాడు. "ఒస్మరీనో! ఎజిలేనా! ఎక్కడ చచ్చారర్రా? అసాయి పులిసిపోతోంది, రండి!" చివర గరిటె గిన్నె అంచుకి తగిలిన టంగుమనే చప్పుడు. మొత్తం పదకొండు సెకన్లు. అప్పటికే కొడుక్కి నలభై దాటింది, కూతురికి నలభై దగ్గరపడింది. ఆవిడ పిలుపు మాత్రం మారలేదు.

ఆ ఆదివారం ఆట మొదలుకాబోతుండగా ఒస్మరీనో మీట నొక్కాడు. తీరం మొత్తం మీద, నీళ్ళ మీద, పడవల మీద అమ్మ కేక మోగింది. జనం ఒక్క క్షణం నోళ్ళు తెరిచి చూసి, ఒకేసారి పగలబడి నవ్వారు. అమ్మ కుర్చీలోంచి లేచి కొడుకు వీపు మీద చెప్పు విసిరింది. మరుసటి వారం పిలుపు వెయ్యడం మర్చిపోతే, ఆవిడే చెవుల్లోంచి దూది తీసి, "ఏరా, నన్ను వెయ్యవా ఇవాళ?" అని అడిగింది. ఆ తర్వాత బస్సులో ముక్కూమొహం తెలియని వాళ్ళు కూడా, "అసాయి అమ్మవి నువ్వేనా?" అని పలకరించేవాళ్ళు. ఆవిడ కొంగు సర్దుకున్నట్టు జుట్టు సర్దుకునేది.

అమ్మ పోయాక ఒస్మరీనో ఉయిరాపురును అమ్మేశాడు. స్పీకర్లు, ఆంప్లిఫయర్లు అన్నీ వెళ్ళిపోయాయి. శాంప్లర్‌నీ, పిలుపు ఉన్న ఫ్లాపీనీ ఉంచుకున్నాడు. నాన్న కొన్న పెద్ద ఊఫరు స్పీకరు ఒకటి, ఎప్పుడో కాలిపోయింది కావడంతో ఎవరూ కొనక, కొట్లో మిగిలిపోయింది. ఏటా అమ్మ పోయిన రోజున అన్నాచెల్లెళ్ళిద్దరూ కొట్టు తలుపులు దగ్గరకి వేసుకుని, కర్రపెండలం పిండీ వేపిన చేపా అసాయీ పెట్టుకుని, మీట నొక్కి, పిలుపు విన్నాకే తినేవాళ్ళు. ఒక్కసారే నొక్కాలని నియమం. ఎజిలేనా ఒకటికి రెండుసార్లు నొక్కమని మారాం చేసేది.

అమ్మ పోయిన నాలుగో ఏడు పిడుగు పడి వీధి వీధంతా కరెంటు ఎగిరింది. శాంప్లర్‌లో ఉన్న రెండు మెమరీ ముక్కలూ మాడిపోయాయి. ముక్కలు లేనిదే ఆ యంత్రం లేవదు. ఆ ఫ్లాపీ మీద రాత ఆ యంత్రానికే తెలుసు. ఇంకో కంపెనీ దాంట్లో పెడితే మొహం తిప్పేసుకుంటుంది. అలాంటిది బెలేంలో మరొకటి ఉండేది, దాని యజమాని ఎప్పుడో మనౌస్ పడవెక్కి వెళ్ళిపోయాడు. పైగా అమ్మ యంత్రం మహా పేచీకోరు. ఊళ్ళో దొరికే ముక్కలేవీ దానికి పడవు.

"భయపడకు చెల్లీ. అమ్మ ఫ్లాపీలో భద్రంగా ఉంది. జత దొరికితే చాలు" అన్నాడు ఒస్మరీనో.

ఎజిలేనాకి ఆ మాట చాలింది. ఫ్లాపీని తను అడిగి తీసుకుంది. కొట్లో ఒక మూల నాన్న ఊఫరు బోర్లా పడుకుని ఉండేది. పళ్ళెమంత వెడల్పు, ఇటుకంత బరువు ఉన్న దాని అయస్కాంతం పైకి పీటలా ఉండేది. దాని మీద లేసు గుడ్డ పరిచి, నజరే మాత బొమ్మని అమ్మ బతికుండగానే నిలబెట్టింది. ఉయిరాపురు గుండె మీద మాత నిలబడిందని ఆవిడ మురిసిపోయేది. ఎజిలేనా గుడ్డ ఎత్తి, ఫ్లాపీని సరిగ్గా మాత పాదాల కింద పెట్టింది. ఫ్లాపీ ఇనుపరేకు అయస్కాంతానికి టక్కున అతుక్కుంది. లాగినా కదల్లేదు. "చూశావా, మాత పట్టుకుంది" అని తనలో తనే అనుకుని, ఆ చప్పుడుకి కన్నీళ్ళు పెట్టుకుంది. జత దొరికి అమ్మ గొంతు మళ్ళీ వినపడితే, అక్టోబరు ఊరేగింపులో, మొక్కు తీరినవాళ్ళు మోసే మైనపు తల ఒకటి నెత్తిన పెట్టుకుని, చెప్పుల్లేకుండా మాత రథం వెంట నడుస్తానని మొక్కుకుంది. ఫ్లాపీ ఎక్కడ పెట్టిందీ, ఏమని మొక్కిందీ అన్నకి చెప్పలేదు. మొక్కు చెబితే ఫలించదు.

అలా మొదలైంది శనివారాల వెతుకులాట. మొదట్లో ఒస్మరీనో సంచీ నిండా ముక్కలు తెచ్చేవాడు. ఏది పెట్టినా యంత్రం లేచేది కాదు. ఎజిలేనా వచ్చి పక్కన నిలబడేది. తెర చీకటిగానే ఉంటే, "ఇంకోటి పెట్టు" అనేది. రెండేళ్ళు అలా గడిచాయి.

మూడో ఏడు జూన్‌లో వాళ్ళిద్దరికీ ఒక గొడవ జరిగింది. ఎజిలేనా పొద్దున్నే కొవ్వొత్తి వెలిగించడానికి కొట్లోకి వస్తే, మాత బొమ్మ గోడకి కొట్టిన కొత్త చెక్క అర మీద ఉంది. కింద లేసు గుడ్డ, గుడ్డ కింద ఫ్లాపీ, అన్నీ పద్ధతిగానే సర్ది ఉన్నాయి. ఊఫరు మాత్రం లేదు.

"నాన్న ఊఫరు ఏదీ?"

"ఇచ్చేశా. పాత ఇనుమువాడికి."

"నన్నడక్కుండానా?"

"చెద పట్టింది."

"ఇనుముకి చెద పడుతుందా?"

"తుప్పు అనబోయి చెద అన్నాను. పొద్దున్నే ప్రాణం తియ్యకు."

"అమ్మ నిలబెట్టిన చోటు నుంచి మాతని కదిపావు. నాన్న గుండెని తూకానికి వేశావు. నీకు మనిషన్నవాడి లక్షణాలేవైనా ఉన్నాయా?"

అన్ని మాటలకీ ఎదురు చెప్పేవాడు, ఆ రోజు మేకుల డబ్బా సర్దుకుంటూ తల వంచుకున్నాడు. ఎజిలేనా రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వాన వెలిశాక అతను వచ్చి స్టూలు మీద కూర్చుని, "ఒక బుర్ర పొయ్యి, దోనా, పేదవాణ్ణి" అన్నాడు, అమ్మగారూ అని పిలిచే కొత్త గిరాకీలా. ఆమె పోసింది. గొడవ అంతటితో అయిపోయింది.

ఆ తర్వాత నుంచి అతను సంచీలు తేవడం తగ్గించాడు. యంత్రాన్ని అటక మీద పెట్టి గుడ్డ కప్పాడు. "పాతరకం ముక్కలు కరువైపోయాయి. వారానికి ఒకటి కనబడితే గొప్ప" అన్నాడు. శనివారం ఒక ముక్క తెచ్చి, బండి దగ్గర కూర్చుని తోమి, లోపలికి తీసుకెళ్ళేవాడు. సాయంత్రం వచ్చి తల అడ్డంగా ఊపేవాడు. ఎజిలేనా మొక్కు అలాగే ఉండిపోయింది. ప్రతి అక్టోబరులోనూ మైనపు తలలు అమ్మేవాళ్ళ ముందు నిలబడి, "ఈ ఏడు కాదులే" అనుకుని వచ్చేసేది.

ఒక ఏడు అమ్మ పోయిన రోజున, చేప ముళ్ళు తీస్తూ, ఆమె ఉండబట్టలేక అనేసింది: "ఊళ్ళో ప్రతి వెధవ యంత్రానికీ జత దొరుకుతుంది నీకు. అమ్మదానికి మాత్రం దొరకదు. అసలు నీకు అమ్మ గొంతు వినాలని లేదన్నయ్యా."

ఒస్మరీనో అసాయి కలిపాడు. "నాకు బాగా గుర్తుంది చెల్లీ. నేను పలికి వినిపించనా? ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కూడా తెలుసు నాకు" అన్నాడు.

"నీ కోడిపుంజు గొంతు ఎవరిక్కావాలి?" అంది ఎజిలేనా.

అతను నవ్వి, తినడం మొదలుపెట్టాడు.

*

ఒస్మరీనో పోయిన ఏడో రోజు ప్రార్థన అయ్యాక జిల్వాంద్రో ఎజిలేనాతో పాటు చర్చి నుంచి నడిచి వచ్చాడు. అతని యంత్రం ఒకటి కొట్లో ఉంది, అది తీసుకెళ్ళాలి. ఎజిలేనా తాళం తీసింది. లోపల కాలిన సీసం వాసన, బల్ల మీద ఆ రోజు తను పెట్టిన బుర్ర. ఎవరూ తియ్యలేదు. చారు ఎండి అంచున పసుపు గీత మిగిలింది. తను తీసి కొంగులో పెట్టుకున్నట్టు పొట్టకి హత్తుకుంది.

జిల్వాంద్రో తన యంత్రం వెతుక్కున్నాడు. వెళ్ళబోతుంటే ఎజిలేనా ఆపింది. ఆస్పత్రివాళ్ళు అన్న చొక్కా జేబులోంచి తీసి ఇచ్చిన మెమరీ ముక్క ఆమె సంచీలో ఉంది.

"నాకో పని చేసిపెట్టు నాయనా. ఆ శనివారం ఇది తెచ్చాడు. నా ముందే తోమాడు. పెట్టి చూసేలోపే... నువ్వు పెట్టి చూడు. ఇదేనేమో అసలుది. ఆయన చేతి ఆఖరి పని, సగంలో ఉండకూడదు."

"ఒక్కటే ఉంది దోనా, జత కావాలి కదా."

"ఇంకోటి ఎక్కడో ఉండే ఉంటుంది. ముందు దింపు."

జిల్వాంద్రో స్టూలెక్కి అటక మీది యంత్రాన్ని దింపాడు. గుడ్డ తీశాడు. దుమ్ము లేదు. మరలు విప్పి, మూత ఎత్తి, అలాగే వంగి ఉండిపోయాడు.

"ఏమైంది?"

"దీంట్లో ముక్కలున్నాయి."

"మాడిపోయినవి. అవి తీసెయ్యి."

"మాడినవి కావు దోనా." అతను మూతని తిప్పి వెలుతురులో పట్టుకున్నాడు. మూత లోపలి వైపు కాగితం టేపు అంటించి ఉంది. ఒస్మరీనో అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, చిన్నపిల్లల రాతలా. 'అమ్మ యంత్రం. జత కుదిరింది.' కింద తేదీ, జూన్ నెలది, ఆరేళ్ళ కిందటిది.

జిల్వాంద్రో వైరు పెట్టి మీట నొక్కాడు. తెర వెలిగింది. ఎజిలేనా ఎనిమిదేళ్ళుగా చూడని పచ్చటి వెలుగు. అంకెలు గబగబా లెక్కపెట్టుకుని, మెమరీ మొత్తం నిండుగా ఉందని చూపించి ఆగాయి.

"ఎగ్వా!" అన్నాడు జిల్వాంద్రో మెల్లగా. "ఇది బంగారంలా ఉంది."

ఎజిలేనాకి మొదట వచ్చింది సంతోషమే. ఎందుకు దాచాడు, ఏమిటి అన్న ఆలోచన ఆ తర్వాత. పరుగున వెళ్ళి మాతని రెండు చేతులా ఎత్తి, లేసు గుడ్డ కింది నుంచి ఫ్లాపీ తెచ్చింది. "పెట్టు, పెట్టు. పదకొండు సెకన్లే. పెట్టు నాయనా."

ఫ్లాపీ లోపలికి వెళ్ళింది. యంత్రం గరగరమంది. ఆగింది. మళ్ళీ గరగరమంది. తెర మీద, ఈ డిస్కులో ఏమీ లేదు, కొత్తదిగా సిద్ధం చెయ్యమంటావా అని అడిగింది. జిల్వాంద్రో తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. అదే ప్రశ్న. తీసి, ఇనుపరేకు జరిపి లోపల చూశాడు. ఈ ఊరి చెమ్మకి ఫ్లాపీల నిండా బూజు పడుతుంది. ఇది మాత్రం అద్దంలా నల్లగా మెరుస్తోంది.

"ఎక్కడ దాచారు దోనా దీన్ని?"

"మాత పాదాల కింద. ఎప్పుడూ అక్కడే. ఒక్కరోజు కూడా కదపలేదు."

"ఆ అర మీదేనా? మొదటి నుంచీ?"

"కాదు. మొదట నాన్న ఊఫరు మీద ఉండేది మాత. దాని వెనక వైపు పెద్ద అయస్కాంతం లేదూ, దాని మీద. ఫ్లాపీ గట్టిగా అతుక్కునేది, జారకుండా. ఆ తర్వాత ఈ మహానుభావుడు..."

ఆమె ఆగింది. జిల్వాంద్రో మొహం పక్కకి తిప్పుకున్నాడు. సౌండు సెట్ల మధ్య పుట్టిన ఏ పసివాడికైనా తెలిసిన సంగతి అది. స్పీకరు అయస్కాంతం దగ్గర క్యాసెట్టు పెట్టకూడదు, ఫ్లాపీ పెట్టకూడదు, రాసింది మొత్తం తుడిచేస్తుంది. ఎజిలేనాకీ తెలుసు. చిన్నప్పుడు నాన్న చేతి దెబ్బలు తిని నేర్చుకుంది. అయితే అది స్పీకరు అని ఆమెకి ఎన్నడూ తోచలేదు. అది మాత పీట.

"చెప్పు" అంది.

"చెప్పడానికేముంది దోనా."

"చెప్పు. నేనే తుడిచేశానా?"

అతను ఫ్లాపీని బల్ల మీద మెల్లగా పెట్టాడు. వానకి ముందు వచ్చే గాలి తలుపుని ఒకసారి కొట్టింది.

ఎజిలేనా కూర్చుంది. అన్న బల్ల ముందు, అన్న కుర్చీలో. జూన్ నెల. కొత్త చెక్క అర. చెద పట్టిందన్నాడు ఇనుముకి. రెండు రోజులు మాట్లాడలేదు తను. జత కుదిరిన సంతోషంలో, తనని పిలవబోయే ముందు, తను ఎక్కడ దాచిందో వెతికి ఒక్కడే ఫ్లాపీ తీసుకుని, ఒక్కడే పెట్టి చూసి ఉంటాడు. తీసేటప్పుడు అది అయస్కాంతాన్ని వదలక టక్కుమని ఉంటుంది. అతనికి వెంటనే తెలిసిపోయి ఉంటుంది. ఆ తర్వాత మేకులు కొట్టాడు. పొద్దున తను తిడుతుంటే డబ్బా సర్దుకున్నాడు.

పలికి వినిపించనా అన్నాడు. ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కూడా తెలుసన్నాడు.

జిల్వాంద్రో ఏం చెయ్యాలో తోచక, బల్ల మీద పెట్టిన ముక్కని, ఆస్పత్రి నుంచి వచ్చినదాన్ని, చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుగులో పట్టుకున్నాడు.

"దోనా, ఇది పోయిన శనివారం కొన్నదన్నారు కదూ?"

"అవును. నా కళ్ళముందే తోమాడు. పోయిన వారంది తిక్కముక్క, ఇది నెమ్మదైనది అన్నాడు."

అతను ముక్కని ఆమె ముందు పెట్టి, వేలితో అంచు చూపించాడు. ఉండవలసిన చోట బంగారు పూత లేదు. పళ్ళన్నీ అరిగి, ఒకదానితో ఒకటి కలిసిపోయి, కింది ఆకుపచ్చ పలక బయటపడింది.

"ఒక్కసారి తోమితే ఇలా అవదు" అన్నాడు. "రబ్బరుతో వందసార్లు తోమినా ఇంత అరగదు."

ఆరేళ్ళూ, ప్రతి శనివారం, అన్న తన ఎదురుగా కూర్చుని తోముతూ వచ్చింది ఈ ఒక్క ముక్కనే.